సైనికుని జీతపు పుస్తకము



గ్రంథాలయ రజతోత్సవమున కావ్యమును గూర్చియో, కవిని గూర్చియో ప్రసంగించుట ఆచారము. నేటి విషయము కావ్యము కాదు, శాస్త్రము కాదు, కథ అంతకన్న కాదు. చొక్కా జేబులో ఇమిడెడి ఇరువదినాలుగు పుటల లెక్కపుస్తకము. రెండవ ప్రపంచయుద్ధకాలమున, అనగా 1939 మొదలు 1945 వరకు, జర్మను సైనికుడు దీనిని సదా తన ఒంటిమీదనే ఉంచుకొనవలసి యుండెను. దాని పేరు వారి భాషలో జోల్ట్‌బూఖ్. జీతపు పుస్తకమని అర్థము. నేడు యూరపు, అమెరికా ఖండములలో అనేకులు వీనిని సేకరించుచున్నారు, చదువ నేర్చుకొనుచున్నారు, వెలయిచ్చి కొనుచున్నారు.

దూరదేశపు సిపాయి పుస్తకముతో ఓరుగల్లు సీమ పల్లెకు ఏమి పని యని ఎవరైన అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. లెక్క వ్రాయువానికిని, లెక్కలో వ్రాయబడినవానికిని నడుమనుండు సంబంధము ఏ దేశముననైనను ఒక్కటే. కాగితమున ఉన్నదంతయు నిజము కాదు. నిజమంతయు కాగితమునకు ఎక్కదు. ఈ రెండు మాటలు మరువకుండ ఒక దస్తావేజును ఎట్లు చదువవలెనో నేర్పుటకు ఈ చిన్న పుస్తకము మంచి పాఠము.

గుర్తుపట్టుటకు ఇచ్చు వస్తువునకు సంస్కృతమున అభిజ్ఞానమని పేరు. లంకకు పోవు హనుమంతునకు రాముడు ఉంగరము నిచ్చెను. సీత తిరిగి చూడామణిని పంపెను. ఆ వస్తువులు లేనిచో దూతను నమ్ముట ఎట్లు? శకుంతల ఉంగరము నీటిలో జారిపోగా పెండ్లాడిన రాజే ఆమెను ఎరుగననెను. కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణములో, లెక్కలను భద్రపరచు అక్షపటలమును గూర్చి ఒక అధ్యాయము కలదు. ముద్ర లేనివానిని జనపదమున రాకపోకలు చేయనీయని ముద్రాధ్యక్షుని గూర్చి మరియొక అధ్యాయము కలదు. గుర్తింపు, లెక్క అను రెండును రాజ్యమునకు కన్నులవంటివని పూర్వులు ఎరుగుదురు.

అయినను ఆ కన్నులు సామాన్యుని పేరుపేరున చూచినవి కావు. కాకతీయుల కాలమున నాయంకర పద్ధతి నడచెను. నాయకునకు గ్రామముల ఆదాయము నిచ్చి, ప్రతిగా సేనను పోషింపుమనిరి. శాసనములలో రాజు పేరు, నాయకుని పేరు, దానమిచ్చిన భూమి ఎల్లలు కలవు. కాలిబంటు పేరు అరుదు. ఊరిబయట నిలిచిన వీరగల్లులలో అనేకములపై కత్తి యెత్తిన వీరుని బొమ్మ యున్నది గాని పేరు లేదు. ఒక్కొక్క బంటునకు ఒక్కొక్క పుస్తకమని ఏర్పడుట ఆధునిక ప్రభుత్వముల పని. అది బంటుపై గౌరవముచేత చేసినది కాదు. లెక్క తప్పకుండుటకై చేసినది. కాని ఆ లెక్కవలననే బంటు పేరు మిగిలినది.

ఇక పుస్తకమును తెరచి చూతము. జర్మను పదాతిసేన పుస్తకమునకు గోధుమరంగు అట్ట. దానిపై గరుడపక్షియు స్వస్తిక చిహ్నమును. క్రింద ‘జీతపు పుస్తకము, అదియే గుర్తింపు పత్రము’ అను అర్థమిచ్చు మాటలు. ఈ స్వస్తిక మన గడపలపై వేయు మంగళచిహ్నము కాదు. నాజీ పక్షమువారు తమదిగా చేసికొన్న గుర్తు. ఈ భేదమును చూచువానికి మొదటనే చెప్పవలెను.

మొదటి పుటలో సైనికుని పేరు, హోదా, మెడలోని బిళ్లపై చెక్కిన అక్షరములు, రక్తపు జాతి, విషవాయువునుండి కాపాడు ముసుగు కొలత ఉండును. హోదా పెరిగినపుడెల్ల పాతదానిని కొట్టివేసి క్రొత్తదానిని దాని క్రింద వ్రాసి, అధికారి చేవ్రాలు చేయును. రెండవ పుటలో పుట్టిన తేది, పుట్టిన ఊరు, మతము, వృత్తి, ఎత్తు, ముఖాకారము, జుట్టు, కన్నుల రంగు, కాలిజోడు కొలత ఉండును. ఫోటో మొదట లేదు. యుద్ధము నడుమ చేర్చిరి. తరువాతి పుటలలో అతడు పనిచేసిన దళముల పేర్లు, భార్య, తలిదండ్రుల పేర్లును విలాసములును, ఇచ్చిన కోటులు, దుప్పట్లు, బూట్లు, ఆయుధములు, మశూచి, సన్నిపాతజ్వరము, కలరా మొదలగువానికి వేసిన టీకాలు, ఆసుపత్రిలో చేరిన తేదులు, జీతపు తరగతి, పొందిన పతకములు, తీసికొన్న సెలవులు.

జీతమునకు సంబంధించిన భాగమే పుస్తకమునకు పేరు తెచ్చినది. సైనికుడు తన దళమునుండి విడిపోయి ఆసుపత్రిలోనో, దారిలోనో ఉన్నచో, పరదళపు కోశాధికారియు ఈ పుస్తకమును చూచి జీతమిచ్చి, ఇచ్చినట్లు ఇందులో వ్రాయును. జీతపు తరగతులకు అంకెలు కలవు. సామాన్య సిపాయి 16వ తరగతివాడు. హోదా పెరిగినకొలది అంకె తగ్గును. ఒకచోట ఇచ్చిన పైకము మరియొకచోట మరల ఇయ్యకుండుటకు ఈ పుస్తకమే కాపు. రసీదు లేనిదే రొక్కము లేదను సూత్రము ఏ ఖజానాకైనను ఒక్కటే.

ఈ పుస్తకమునకు తోడు మరియొకటి కలదు. దాని పేరు వేర్‌పాస్. యువకుని సేనకు లాయకని తేల్చినపుడు దానిని ఇత్తురు. అతడు కొలువులో చేరగానే దానిని దళము తీసికొని తన పెట్టెలో ఉంచుకొని, జీతపు పుస్తకమును అతని చేతి కిచ్చును. యుద్ధరంగమున వెంట తిరుగునది ఒకటి. కచేరిలో నిలుకడగా ఉండునది మరియొకటి. అతడు మరణించినచో వేర్‌పాస్ ఇంటివారికి చేరును. వర్తకుని చిట్టా, ఆవర్జాల వంటివి ఈ రెండును. రెండును దొరకినచో ఒకదానితో ఒకటి సరిచూడవచ్చును. తేదులు కలిసినచోట నమ్మకము, కలియనిచోట విచారణ. ఒకటియే దొరకినచో సగము సాక్ష్యమే దొరకినట్లు.

మెడలోని బిళ్ల మూడవ సాక్షి. అది కోడిగ్రుడ్డు ఆకారపు లోహపు రేకు. నడుమ విరుచుటకు అనువుగా చీలికలు. సైనికుడు చనిపోయినపుడు దానిని రెండుగా విరిచి, ఒక సగము దేహముతో ఉంచి, రెండవ సగమును లెక్కకై పంపెడివారు. ఈ బిళ్లల పట్టికలను, గాయపడినవారి, మరణించినవారి సమాచారమును చూచుటకు 1939లో బెర్లినున ఒక కార్యాలయము ఏర్పడెను. యుద్ధము ముగిసిన పిదపయు అది దశాబ్దముల కొలది తప్పిపోయినవారిని గూర్చి బంధువులకు జాబులు వ్రాసెను. 2019లో జర్మను జాతీయ దస్తావేజుల భాండాగారమున కలిసిపోయెను. 1945 ఏప్రిలున పోట్స్‌డాం నగరముపై పడిన బాంబులకు అచటి సైనిక భాండాగారమున పెక్కు దస్తావేజులు కాలిపోయినవి. కచేరి కాలినచోట జేబులోని పుస్తకమే కొన్ని కుటుంబములకు మిగిలిన ఆధారము.

చదువుట అంత సులభము కాదు. మొదటి కష్టము లిపి. ఆ కాలపు జర్మను గుమాస్తాలు అనేకులు పాఠశాలలో నేర్చిన పాత గొలుసుకట్టు వ్రాత వ్రాసిరి. నేటి జర్మను యువకులే దానిని చదువలేరు. ఓరుగల్లు సీమవారికి ఈ కష్టము క్రొత్త కాదు. నిజాము కాలపు భూముల దస్తావేజులు ఉర్దూలోను, అందును శికస్తా వ్రాతలోను ఉండుటచే, తాతగారి పట్టాను మనుమడు చదువలేక పెట్టె అడుగున పెట్టిన ఇండ్లెన్నో కలవు. భాష వచ్చిన చాలదు, చేయి తెలియవలెను.

రెండవ కష్టము గూఢత. శత్రువునకు తెలియకుండ దళముల పేర్లకు మారుగా ఐదంకెల తపాలా సంఖ్యలను వాడిరి. ముద్రలోను ఆ సంఖ్యయే ఉండును. అది ఏ దళమునకు, ఏ కాలమున చెందినదో వేరు పట్టికలలో చూడవలెను. ఆసుపత్రి పుటలో రోగము పేరునకు బదులు ఒక అంకె ఉండును. మతపు గడిలో ప్రొటెస్టంటునకు, కేథలిక్కునకు పొడియక్షరములు కలవు. కొందరికి మాత్రము ‘దేవుని నమ్మువాడు’ అను అర్థమిచ్చు మాట కనిపించును. అది భక్తిని తెలుపు మాట కాదు. చర్చినుండి వైదొలగినవారికి 1936లో నాజీ ప్రభుత్వము ఏర్పరచిన పేరది. నిఘంటువు చూచి అర్థము చెప్పువాడు ఇచట పొరబడును. చరిత్ర ఎరిగినవాడు నిలుచును.

మూడవ కష్టము ఊహకు కళ్లెము వేయుట. తలిదండ్రుల విలాసమును కొట్టివేసి వేరొక ఊరు వ్రాసినచో, బాంబులకు ఇల్లు పోయినదని తోచవచ్చును. కాని బాడుగ ఇల్లు మారియు ఉండవచ్చును. సెలవు పుటలో చివరి సెలవు తరువాత ఏమియు లేనిచో అతడు మరణించెనని తోచవచ్చును. సెలవు దొరకకపోయియు ఉండవచ్చును. పుట చెప్పినంత వరకు చెప్పి, తక్కినది అనుమానమని వ్రాయుటయే నిజాయితీ.

ధనమున్నచోట దొంగవ్రాత పుట్టును. సామాన్య సిపాయి పుస్తకమునకు స్వల్పమైన వెల. గొప్ప పతకము కలవానికి, పేరుమోసిన దళమువానికి పెద్దవెల. కావున లేని పతకమును వ్రాయుట, ఒకరి ఫోటో తీసి ఒకరిది అంటించుట, క్రొత్త ముద్రలు చేయించుట జరుగుచున్నవి. అనుభవజ్ఞులు చూచు గుర్తులు కొన్ని. ఫోటోపై పడిన ముద్ర వంపు క్రింది పుటపైని వంపుతో అతుకవలెను. ఫోటోను బిగించిన లోహపు రివెట్ల త్రుప్పు కాగితమునకు అంటవలెను. ఒకే చేయి, ఒకే సిరా ఐదేండ్ల నమోదులు వ్రాసియుండుట అరుదు. ఆ యేండ్లలో గుమాస్తాలు మారుదురు, ఊళ్లు మారును. యుద్ధానంతరము కాగితమునకు తెలుపు తెచ్చుటకు కలిపిన రసాయనములు అతినీలలోహిత కాంతిలో మెరయును. యుద్ధకాలపు కాగితము అట్లు మెరయదు. అన్నిటికన్న పెద్ద గుర్తు పుటల పరస్పర సాక్ష్యము. ఆసుపత్రిలో ఉన్న దినమున రణరంగమున పతకము పొందినట్లున్నచో, ఏదో ఒక పుట అబద్ధమాడుచున్నది.

దొంగవ్రాత అంగటి మోసము మాత్రమే కాదు. ఓరుగల్లు, నల్లగొండ సీమలలో 1946 మొదలు 1951 వరకు జరిగిన రైతుపోరాటమున జనులు దొరల గడీలలోని అప్పు పత్రములను తగులబెట్టిరి. ఎందుచేత? కాగితము తమపై అబద్ధమాడినదని వారు ఎరుగుదురు. దున్నువాడొకడు, పట్టాలోని పేరొకరిది. తీర్చిన అప్పు తీరనట్లే నిలిచినది. వ్రాత యెంత చక్కనిదైనను వ్రాసినవాడెవడు, ఎవరి మేలు కొరకు, ఏ దినమున వ్రాసెనని అడుగక తప్పదు. జర్మను పుస్తకమును చదువుటకును ఇదియే తాళపుచెవి.

ఇపుడు కఠినమైన మాట. ఈ పుస్తకమున బూట్లకు గడి కలదు, దుప్పటికి గడి కలదు, టీకాకు గడి కలదు. ఒక ఊరిని తగులబెట్టిన దినమునకు గడి లేదు. నాజీ పాలనలో సుమారు 60 లక్షల యూదులు హతులైరి. తూర్పు రంగమున పౌరులపై జరిగిన ఘాతుకములలో ప్రత్యేక దళములతోపాటు సామాన్య సేనయు పాల్గొనెనని చరిత్రకారులు నిరూపించిరి. పుస్తకపు యజమాని అందు పాల్గొనెనా, కాంచి మిన్నకుండెనా, ఎరుగడా అన్నది ఈ పుటలనుబట్టి తేలదు. దళము పేరును, తేదులను, ఊళ్లను తీసికొని ఇతర చరిత్రగ్రంథములతో సరిచూచినపుడే కొంత తెలియును. పతకమును చూచి మురియువాడు సేకర్త కావచ్చును గాని చదువరి కాడు. జర్మనీ దేశమున నాజీ చిహ్నముల ప్రదర్శనము చట్టముచే నిషిద్ధము. చదువునకు, పరిశోధనకు మాత్రము మినహాయింపు కలదు. ఆ మినహాయింపులోనే సేకర్త ధర్మమంతయు ఇమిడియున్నది: దాచుట తెలిసికొనుటకే గాని కొలుచుటకు కాదు.

ఈ పుస్తకములు భారతీయుల చేతికిని వచ్చినవి. సుభాష్ చంద్రబోసు 1941 ఏప్రిలున బెర్లిను చేరెను. ఆఫ్రికా ఉత్తరభాగమున పట్టుబడిన భారత సిపాయిలనుండి ఒక దళమును కూర్చుటకు యత్నించెను. అందు ఆయనకు కుడిభుజమైనవాడు హైదరాబాదు నివాసి ఆబిద్ హసన్. జర్మనీలో ఇంజనీరింగు చదువుచు బోసు వెంట చేరి, బందీల శిబిరములలో తిరిగి సిపాయిలతో మాటలాడెను. ‘జై హింద్’ అను నినాదము ఆయన సూచించినదే యని ప్రసిద్ధి. 1943 ఫిబ్రవరి 9న బోసుతో కూడ కీల్ రేవునుండి జలాంతర్గామిలో బయలుదేరి, ఏప్రిలున హిందూమహాసముద్రమున జపాను జలాంతర్గామికి మారినవాడును ఆయనయే.

ఆ దళము జర్మను సేనలో 950వ పదాతి రెజిమెంటుగా లెక్కింపబడెను. సిపాయిల చేతిమీద దుముకు పులి బొమ్మ, దానిపై స్వతంత్ర భారతమను అర్థమిచ్చు జర్మను మాటలు. వారు చేసిన ప్రమాణమున హిట్లరు పేరును, బోసు పేరును రెండును కలవు. 1943లో వారిని హాలండునకు, పిదప ఫ్రాన్సు పడమటి తీరమునకు పంపిరి. 1944 ఆగస్టున ఎస్.ఎస్. సేన క్రిందికి మార్చిరి; 1945లో వారు మిత్రరాజ్యములవారికి చిక్కిరి. జర్మను సేనలో కొలువున్నవారు గనుక వారికిని జర్మను జీతపు పుస్తకములు లభించెను.

అట్టి పుస్తకము నొకదానిని మనసున ఊహింపుడు. పిలుపుపేరు, ఇంటిపేరు అని ఫారము అడుగును. ఇంటిపేరు ముందు చెప్పువారును, తండ్రి పేరే ఇంటిపేరుగా చెప్పువారును, ఇంటిపేరే లేనివారును గల దేశపు సిపాయిని ఆ గడులలో ఇముడ్చుట ఎట్లు? చెవికి సోకినట్లు గుమాస్తా వ్రాయును. ఊరి పేరు వక్రమగును. ఇంటివారి విలాసము శత్రుదేశపు ఏలుబడిలో ఉండును, జాబు పోదు. ఒకే మనిషి ఒక ప్రభుత్వపు దఫ్తరులో ద్రోహి, మరియొక ప్రభుత్వపు దఫ్తరులో సిపాయి. దేశముకొరకు చేరెనా, బందీఖానా బాధ తాళలేక చేరెనా అను ప్రశ్నకు ఏ గడియు జవాబు చెప్పదు. రెండు విధములవారును ఉండిరనుటయే న్యాయము. ఇట్టి పుస్తకమును చదువువాడు తీర్పరి కారాదు; సాక్షిని శ్రద్ధగా విను పెద్దమనిషి కావలెను.

ఈ ప్రశ్న మన గడపలకును వచ్చును. మొదటి ప్రపంచయుద్ధమున హైదరాబాదు లాన్సర్లు మైసూరు, జోధ్‌పూరు రౌతులతో కలిసి పాలస్తీనాలో పోరిరి. వారి స్మారకముగా 1922లో ఢిల్లీలో నిలిపిన మూడు విగ్రహములే తీన్‌మూర్తి. రెండవ యుద్ధమున, 1941 డిసెంబరున జపానువారు మలయాలోని కోట బారు తీరమున దిగినపుడు, అచటి విమానస్థలమునకు కావలియున్నవారిలో హైదరాబాదు పదాతి సిపాయిలు కలరు. పశ్చిమగోదావరి సీమలోని మాధవరమునకు మిలిటరీ మాధవరమనియే పేరు; తరతరములుగా ఇంటింట సిపాయి పుట్టిన ఊరది. వీరందరికిని కొలువు పత్రములు, జీతపు లెక్కలు, సెలవు చీటీలు ఉండియే యుండును. అవి ఎచట? ట్రంకుపెట్టెల అడుగున, చూరు సందులలో, కొన్ని చెదల పాలు, కొన్ని పాతకాగితముల బేరగాని తక్కెడలో.

చీటీ పోయిన ఫలము ఎట్టిదో చెప్పుటకు ఒక్క ఉదాహరణము చాలును. 1972లో కేంద్రప్రభుత్వము స్వాతంత్ర్యసమరయోధులకు పింఛను ఏర్పరచినపుడు, చెరసాలలో గడపిన కాలమునకు ఋజువు చూపవలసి వచ్చెను. త్యాగము చేసినపుడు రసీదు అడిగి తీసికొన్నవారెవరు? కాగితము దాచుకొన్నవాని మాటకు బలము కలిగెను. పోగొట్టుకొన్నవాడు సాక్షులకై తిరుగవలసి వచ్చెను. శకుంతల ఉంగరపు కథ పురాణకాలముతో ముగియలేదు.

కావున గ్రంథాలయమునకు ఒక విన్నపము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలు, ముద్రితగ్రంథము దొరకుటయే దుర్లభమైన కాలమున పుస్తకములు కూర్చిరి. ఆ పని చాలవరకు నెరవేరినది. ఇక ముద్రింపబడని కాగితములను కాచు పని మిగిలినది. సిపాయి కొలువుపత్రము, కూలికై కొలంబోకో రంగూనుకో పోయినవాని చీటీ, పాత పట్టా, పింఛను పుస్తకము, ఇవన్నియు గ్రంథములే.

పద్ధతి మాత్రము తెలియవలెను. మూలమును ఇంటివారినుండి లాగికొనరాదు. నకలు తీసి, మూలమును వారికే ఒప్పగింపవలెను. ఇచ్చినవారెవరు, వారికెట్లు వచ్చినది, ఏ దినమున వచ్చినదో వెంటనే వేరు కాగితముపై వ్రాయవలెను. ఎచటినుండి వచ్చెనో తెలియని పత్రము సాక్షి లేని సాక్ష్యము. మూలముపై సిరాతో గీయరాదు. చిరిగినచోట జిగురుటేపు అంటింపరాదు. కొన్నాళ్లకు అది మచ్చవేసి అక్షరములను తినును. ఎండకు, చెమ్మకు, చెదలకు దూరముగా ఉంచవలెను. జీవించియున్నవారి రోగములు, అప్పులు, కుటుంబ రహస్యములు బయటపడునట్లు ప్రదర్శింపరాదు. చదువరాని అక్షరమును చదువరాదనియే వ్రాయవలెను; ఊహించి పూరింపరాదు.

ప్రభుత్వము పుస్తకము వ్రాసినది బూట్ల లెక్క తప్పకుండుటకు. తల్లి ఆ పుస్తకమును దాచినది కొడుకు పేరు చెరగకుండుటకు. ఆ రెండు ఉద్దేశములను ఎరిగి, ఏ ఒక్కదానికిని మోసపోక చదువుట చదువరి ధర్మము. రాబోవు ఇరువదియైదేండ్లలో ఈ గ్రంథాలయపు బీరువాలలో ఒక అర ఇట్టి పేర్లకు దొరకునుగాక. వీరగల్లుపై చెక్కుటకు మరచిన పేర్లు అచటనైన నిలుచునుగాక.

స్వస్తి.